టికెట్టుతో పాటు ఒక మంచం కూడా

విదేశాల్లో ఉన్న కొడుకులూ కూతుళ్లూ ఊళ్లో ఉన్న అమ్మానాన్నలకు విమానం టికెట్లు తీసేటప్పుడు, దారి మధ్యలో ఒక గది కూడా తీయాలి. గడియ పెట్టుకుని నడుం వాల్చడానికి మంచం, కాళ్లూ ముఖం కడుక్కోవడానికి నీళ్లు, నింపాదిగా నాలుగు ముద్దలు తినే వీలు. తోడుగా వెళ్లే మనిషికీ ఆ గదిలో చోటు ఉండాలి. మన ఇళ్లలో ఈ ఖర్చును విలాసాల పద్దులో రాసి మొదటే కొట్టేస్తారు. అది విలాసం కాదనీ, టికెట్టు ఎంత అవసరమో అదీ అంతే అవసరమనీ చెప్పడానికే ఇది రాస్తున్నాను.

మా శ్రీకాకుళం జిల్లాకు ప్రయాణాలు కొత్త కాదు. ఉద్దానం నుంచి గల్ఫ్ దేశాలకు వెళ్లినవాళ్లు, తీరం వెంబడి ఊళ్ల నుంచి గుజరాత్‌లోని వేరావల్ దాకా చేపల వేటకు వెళ్లినవాళ్లు, హైదరాబాదు, చెన్నైలలో భవన నిర్మాణ పనులకు వెళ్లినవాళ్లు ఎందరో. వాళ్లంతా వయసులో ఉండగా బయల్దేరినవాళ్లు. సంచి తల కింద పెట్టుకుని ప్లాట్‌ఫారం మీద నిద్రపోగలిగినవాళ్లు. ఇప్పుడు బయల్దేరుతున్నది వేరే తరం. పెళ్లిళ్లకూ తీర్థాలకూ తప్ప ఊరు దాటని అమ్మలు, పింఛను తీసుకుంటున్న నాన్నలు. మనవల్ని ఎత్తుకోవడానికో, కూతురి పురిటికో డల్లాస్‌కూ మెల్‌బోర్న్‌కూ వెళ్తున్నారు. రైలు ప్రయాణం ఎలా చేయాలో వీళ్లకు బాగా తెలుసు. కింది బెర్తు అడగాలి, క్యారేజీలో పులిహోర పెట్టుకోవాలి, నీళ్ల సీసా, దుప్పటి, చిల్లర దగ్గర ఉంచుకోవాలి. విమానానికి సంబంధించి ఇలాంటి ఇంటి తెలివి మనకింకా ఏర్పడలేదు. టికెట్టు తీసేది ఎక్కడో కంప్యూటర్ ముందు కూర్చున్న కొడుకు. అతనికి తెర మీద కనిపించేవి ధర, మొత్తం గంటలు. ఆ గంటలు విశాఖపట్నం విమానాశ్రయం దగ్గర మొదలవుతాయి. అమ్మ ప్రయాణం అంతకు చాలా ముందే మొదలవుతుంది.

శ్రీకాకుళం నుంచి విశాఖ విమానాశ్రయం నూరు కిలోమీటర్ల పైమాటే. ఎచ్చెర్ల, రణస్థలం, పూసపాటిరేగ, భోగాపురం, తగరపువలస, ఆనందపురం, ఆ తర్వాత నగరంలో వాహనాల రద్దీ. అంతర్జాతీయ విమానానికి మూడు గంటల ముందు అక్కడ ఉండాలి. రాత్రి పదకొండు గంటల విమానమైతే సాయంత్రం నాలుగున్నర, అయిదింటికల్లా కారెక్కాలి. మధ్యాహ్నం భోజనం నుంచే ఇంట్లో హడావుడి, కాబట్టి ఆ పూట కునుకు ఉండదు. విమానం లేచేసరికే ఆరు గంటలకు పైగా కూర్చోవడమో, వరసల్లో నిలబడడమో అయిపోతుంది. సింగపూర్ మీదుగా వెళ్తే అక్కడికి నాలుగు గంటలు. అక్కడి గడియారం మనకన్నా రెండున్నర గంటలు ముందుంటుంది. దిగేసరికి అక్కడ తెల్లవారుజాము అయిదున్నర, ఒంటికి మాత్రం రాత్రి మూడు గంటలు. మెల్‌బోర్న్‌కు ఇంకా ఏడెనిమిది గంటల దూరం ఉంది. మధ్యలో ఎదురుచూపు ఎంత పొడవుంటే టికెట్టు సాధారణంగా అంత చవక. ఆ మిగులును చూసే చాలామంది కొడుకులు సంతోషిస్తారు.

మా పెద్దమ్మను మెల్‌బోర్న్‌లోని అన్నయ్య ఇంటికి తీసుకెళ్లింది నేనే. పాడీ పొలమూ వదిలి పెదనాన్న రానన్నారు. పెద్దమ్మకు డెబ్బై దాటాయి. మోకాళ్ల నొప్పులున్నాయి, చక్కెర వ్యాధికి మాత్రలు వేసుకుంటుంది. సింగపూర్‌లో ఎదురుచూపు చాలా ఎక్కువ ఉందని టికెట్టు చూసి, గది కూడా తీయమని అన్నయ్యను అడిగాను. "అక్కడ కాళ్లు చాపుకునే కుర్చీలు కూడా ఉన్నాయి. ఆ కొద్ది గంటలకు అంత డబ్బెందుకే?" అన్నాడు. ఫోను పెద్దమ్మ చేతికి వెళ్లింది. "నాకెందుకు నాయనా గది! ఓ మూల కూర్చుంటాను" అంది.

ఈ మాట వినగానే ఒప్పేసుకునే పిల్లల మీదే నా ఫిర్యాదంతా. ఆఖరున తిని, ఆఖరున పడుకుని, అడగకుండా బతికిన తరం అది. ఏది అడిగినా ముందు వద్దంటారు. ఆ వద్దు వాళ్ల ఒళ్లు చెప్పిన మాట కాదు, అలవాటు చెప్పిన మాట. వాళ్లను అడిగి నిర్ణయించాల్సినవి చాలా ఉన్నాయి. ఎప్పుడు బయల్దేరాలి, ఏం తినాలి, కిటికీ పక్కన కావాలా, నడవా పక్కన కావాలా, ఇవన్నీ తప్పకుండా అడగాలి. మంచం సంగతి మాత్రం అడగకుండా ఏర్పాటు చేయాలి. నేను పట్టుబట్టాను. అన్నయ్య గది తీశాడు.

సింగపూర్ విమానాశ్రయంలో ఇమిగ్రేషన్ దాటకుండా, లోపలే ఉండే హోటళ్లున్నాయి. ఆరేసి గంటల లెక్కన గదులు ఇస్తారు. బయటికి వెళ్లే పని లేదు కాబట్టి సింగపూర్ వీసా అక్కర్లేదు. అయితే రెండు విమానాలూ ఒకే టికెట్టులో ఉండాలి, పెట్టెలు నేరుగా చివరి ఊరికి వెళ్లాలి. విడివిడిగా తీసిన టికెట్లయితే పెట్టెలు మధ్యలో దింపుకుని మళ్లీ అప్పగించాల్సి రావచ్చు, దానికి ఇమిగ్రేషన్ దాటాలి. టికెట్టు కొనకముందే కనుక్కోవాల్సిన విషయం ఇది.

గది చిన్నది. రెండు మంచాల మధ్య మనిషి పక్కకు తిరిగి నడిచేంత చోటు. కిటికీ లేదు. లోపలికి రాగానే పెద్దమ్మ అడిగిన మొదటి మాట "గడియ పడుతుందా అమ్మా?" అని. పడుతుందని వేసి చూపించాను. అప్పుడు చెప్పులు విడిచి స్నానాల గదిలోకి వెళ్లి కాళ్ల మీద నీళ్లు పోసుకుంది. బొడ్డులో దోపుకున్న గుడ్డ సంచిని తీసి తలగడ కింద పెట్టింది. అందులో కొంత డబ్బు, మందుల చీటీ, అన్నయ్య చిరునామా రాసిన కాగితం ఉన్నాయి. ఇంటి దగ్గర కారెక్కినప్పటి నుంచి ఆమె ఎడమ చెయ్యి ఆ సంచి మీదే ఉంది. కారులోనూ, తనిఖీ వరసలోనూ, విమానంలో కళ్లు మూసుకున్నప్పుడూ అక్కడి నుంచి కదల్లేదు. ఇప్పుడు తీసింది. పక్కకు తిరిగి పడుకోగానే నిద్ర పట్టేసింది. పాదాలు వాచి, మట్టెలు వేళ్లలోకి దిగాయి. ఇంకో తలగడ తెచ్చి వాటి కింద పెట్టాను.

నేనూ పడుకున్నాను. నా వాదనకు ఇదే ఆయువుపట్టు. కుర్చీల్లో గడిపే రాత్రి ఇద్దరూ నిద్రపోలేరు. ఒకరు పడుకుంటే ఒకరు కాపలా కాయాలి. పాస్‌పోర్టులు, చేతిసంచులు, బోర్డింగ్ పాసులు, తెర మీద మారిపోయే గేటు నంబరు, ఇవన్నీ ఎవరో ఒకరు చూస్తూనే ఉండాలి. మాతోపాటు విశాఖలో ఎక్కిన పెద్ద జంట ఒకటి గేటు దగ్గర కూర్చుని కనిపించింది. ఆమె భర్త భుజం మీద తల వాల్చి నిద్రపోతోంది. ఆయన సంచి పట్టీని కాలికి చుట్టుకుని, కళ్లు ఎర్రబడి, ఎదుటి తెరనే చూస్తున్నారు. ఆరు గంటల తర్వాత, మేము పడుకుని లేచి, స్నానం చేసి తిరిగొచ్చేసరికి ఆయన అలాగే ఉన్నారు. ఆ తర్వాతి విమానంలో ఆమెకు మాత్రలు గుర్తుచేయాల్సిందీ, దిగాక అధికారుల ప్రశ్నలకు జవాబు చెప్పాల్సిందీ ఆయనే. నిద్రలేని తోడు సగం తోడే. రెండో మంచం తోడు మనిషి సుఖం కోసం కాదు, పెద్దవాళ్ల క్షేమం కోసం.

కాళ్ల వాపును తేలిగ్గా తీసుకోకూడదు. నాలుగు గంటలకు మించి కదలకుండా కూర్చునే ప్రయాణాల్లో రక్తనాళాల్లో గడ్డలు కట్టే ముప్పు దాదాపు రెట్టింపవుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2007లో చెప్పింది. ముప్పు మొత్తం మీద చిన్నదే. కానీ వరసగా విమానాలు ఎక్కేవాళ్లకు పెరుగుతుంది, ఇప్పటికే జబ్బులున్నవాళ్లకు ఇంకా పెరుగుతుంది. మధ్యలో కాళ్లు చాపి పడుకుని, లేచి నాలుగడుగులు వేయడం ఇందుకే అవసరం. నీళ్ల సంగతీ అంతే. మన ఆడవాళ్లు ప్రయాణంలో నీళ్లు తాగరు. తాగితే లేవాల్సి వస్తుందని భయం. విమానంలో మరుగుదొడ్డి తలుపు మధ్యకు మడత పడి తెరుచుకుంటుంది, గడియ వేస్తేనే లోపల దీపం పూర్తిగా వెలుగుతుంది, నీళ్లు వదిలితే పెద్ద చప్పుడుతో ఒక్కసారిగా పీల్చేస్తుంది. తొలిసారి ఎక్కిన మనిషి ఆ చప్పుడుకు బెదిరిపోయి, తర్వాత గొంతు తడుపుకోవడమే మానేస్తుంది. బెల్టు దీపం ఆరగానే నేను పెద్దమ్మను తీసుకెళ్లి తలుపు, గడియ, మీట అన్నీ చూపించాను. తర్వాత ఆమే అడిగి నీళ్లు తాగింది.

ఇక తిండి. చవక విమానాల్లో భోజనం టికెట్టులో కలిసి ఉండదు, ముందే డబ్బు కట్టి చెప్పుకోవాలి. భోజనం పెట్టే పెద్ద విమానాల్లో కూడా శాకాహారం కావాలంటే కనీసం ఒక రోజు ముందు నమోదు చేయించాలి. ఏషియన్ వెజిటేరియన్ అని అడిగితే మనకు దగ్గరగా ఉండే అన్నం, పప్పు, కూర వస్తాయి. ఉత్త వెజిటేరియన్ అంటే ఉడికించిన కూరముక్కలు, రొట్టె వచ్చే అవకాశం ఎక్కువ. ఏది వచ్చినా పెద్దమ్మ "ఉప్పు లేదు" అంటుంది. అది ఆమె చాదస్తం కాదు. విమానం లోపల గాలి పీడనాన్ని ఆరేడు వేల అడుగుల కొండ మీద ఉన్నట్టు ఉంచుతారు. ఊటీ ఎత్తు అంత. తేమ చాలా తక్కువ, ముక్కు ఎండిపోతుంది. జర్మనీలోని ఫ్రాన్‌హోఫర్ సంస్థ 2010 ప్రాంతంలో నేల మీదే అలాంటి పీడనం సృష్టించి, మనుషులకు వంటకాలు తినిపించి చూసింది. ఉప్పు, తీపి బాగా మందగిస్తాయని తేలింది. పులుపూ కారమూ అంతగా తగ్గవు. మన పులిహోర దూర ప్రయాణాలకు పేరు తెచ్చుకున్నది నిల్వ ఉంటుందని. చింతపండు పులుపు, ఎండుమిర్చి ఘాటు ఆకాశంలో కూడా నాలుకకు అందుతాయన్నది నాకు ఆ తర్వాత తెలిసింది.

అయినా పెద్దమ్మ విమానంలో తినలేదు. చెయ్యి కడుక్కోకుండా ముద్ద నోట్లో పెట్టే అలవాటు ఆమెకు లేదు. తడి కాగితంతో తుడుచుకోవడం కడుక్కోవడం కాదంటుంది. ముక్కూ ముఖం తెలియనివాళ్లు అటూ ఇటూ మోచేతులు తగిలేలా కూర్చుని ఉంటే ఆమెకు ముద్ద దిగదు. దీన్ని మొండితనం అనేవాళ్లున్నారు. డెబ్బై ఏళ్లు చెయ్యి కడుక్కుని, కూర్చుని, ప్రశాంతంగా తిన్న మనిషి ఒక్క రాత్రిలో ఎందుకు మారాలి? చక్కెర వ్యాధికి మాత్ర వేసుకునేవాళ్లు తినకుండా ఉంటే కళ్లు తిరిగి పడిపోవచ్చు. పైగా కొన్ని చవక విమానాల్లో మనం తెచ్చుకున్నది తిననివ్వరు. ఆ గదిలో నిద్ర లేచాక మంచం మీద పాత టవలు పరుచుకుని, పులిహోర డబ్బా మధ్యలో పెట్టుకుని ఇద్దరం తిన్నాం. పెద్దమ్మ వేరుశనగ గుళ్లు ఏరి నా వైపు నెట్టింది, చిన్నప్పుడు చేసినట్టే. తిన్నాక నోరు పుక్కిలించి, మాత్ర వేసుకుని, జడ వేసుకుంది. మెల్‌బోర్న్‌లో దిగిన మనిషి కొడుకును చూసి నవ్వగలిగింది, మనవడిని ఎత్తుకోగలిగింది.

(పచ్చళ్ల గురించి అడుగుతారు కాబట్టి చెబుతున్నాను. ఆవకాయ చేతిసంచిలో వద్దు, తనిఖీ దగ్గర తీసి పక్కన పెట్టేస్తారు. గట్టిగా మూసి, పెద్ద పెట్టెలో వేయండి. ఆస్ట్రేలియాలో దిగేటప్పుడు నింపే కాగితంలో తిండి పదార్థాలున్నాయని తప్పకుండా రాయండి, పలాస జీడిపప్పు సహా. చెప్పి చూపిస్తే అనుమతి లేనివి మాత్రమే తీసుకుంటారు. దాచి దొరికితే జరిమానా పెద్దది, వీసా రద్దు చేసే అధికారం కూడా వాళ్లకుంది.)

కలిసి వెళ్లే ఇద్దరినీ విడదీయడం విమాన ప్రయాణంలో అడుగడుగునా జరుగుతుంది. సీటుకు వేరే రుసుము కట్టకపోతే చెరో వరసలో పడేస్తారు. పన్నెండేళ్ల లోపు పిల్లలకు తల్లిదండ్రుల్లో ఒకరి పక్కనే సీటు ఇవ్వాలని మన పౌర విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ 2024 ఏప్రిల్‌లో విమాన సంస్థలను ఆదేశించింది. ఒంటరిగా బెల్టు పెట్టుకోలేని, భాష రాని డెబ్బై ఏళ్ల మనిషి విషయంలో కూడా అంతే పట్టింపు ఉండాలి. అంతదాకా సీటు రుసుము కట్టేయండి, అక్కడ మిగుల్చుకోవద్దు.

చక్రాల కుర్చీ దగ్గర ఈ విడదీయడం ప్రాణాల మీదికి వచ్చింది. 2024 ఫిబ్రవరిలో న్యూయార్క్ నుంచి ముంబైలో దిగిన వృద్ధ దంపతులు ఇద్దరికీ ముందే కుర్చీలు అడిగి ఉన్నారు. ఒక్కటే దొరికింది. భార్యను అందులో కూర్చోబెట్టారు. రెండోది వచ్చేదాకా ఆగమన్నా ఎనభై ఏళ్ల ఆయన ఆగలేదు, భార్య వెంట నడిచారు. ఇమిగ్రేషన్ దగ్గర కూలిపోయి, చనిపోయారు. ఆ విమాన సంస్థకు డీజీసీఏ 30 లక్షల రూపాయల జరిమానా వేసింది. ఆయన ఎందుకు ఆగలేదో మన ఇళ్లలో ఎవరికీ వివరించక్కర్లేదు. కొత్త చోట భార్యను ఎవరో తోసుకుపోతుంటే ఆ వయసు మగమనిషి వెనక నిలబడిపోడు. అందుకే ఇద్దరు పెద్దవాళ్లు వెళ్తుంటే ఇద్దరికీ కుర్చీ అడగండి, బయల్దేరడానికి 48 గంటల ముందే నమోదు చేయించండి. రెండు కుర్చీలూ వచ్చేదాకా ఇద్దరూ కలిసే కూర్చోవాలని ఇంటి దగ్గరే చెప్పి పంపండి.

ఆలస్యాల విషయంలో హక్కులు కూడా తెలిసి ఉండాలి. విశాఖ నుంచి హైదరాబాదు వెళ్లే విమానం రెండు గంటలు ఆలస్యమైతే తినడానికీ తాగడానికీ ఇవ్వాలని డీజీసీఏ నిబంధన. రాత్రి 8 నుంచి తెల్లవారుజామున 3 గంటల మధ్య బయల్దేరాల్సిన విమానం ఆరు గంటలకు మించి ఆలస్యమైతే హోటల్ గది ఇవ్వాలి. అడగనివాళ్లకు ఎవరూ పిలిచి ఇవ్వరు. తోడు వెళ్లినవారి పని అడగడం.

తోడు గురించి ఇంకో మాట. సొంతవాళ్లు వెళ్లలేనప్పుడు వాట్సాప్‌లో "ఫలానా తేదీన హైదరాబాదు నుంచి డల్లాస్‌కు ఎవరైనా వెళ్తున్నారా, మా అమ్మగారికి తోడు కావాలి" అని అడగడం ఇప్పుడు మన తెలుగువాళ్లలో మామూలైపోయింది. ముక్కూ ముఖం తెలియని పిల్లలు ఒప్పుకుంటారు, చివరిదాకా చూసుకుంటారు. ఈ మంచితనం మీద నాకు ఎంతో గౌరవం. దాన్ని ఉచిత సేవగా వాడుకోవడం మాత్రం నచ్చదు. పరాయి అమ్మను ఒంటరిగా వదల్లేక ఆ పిల్ల పది గంటలు కుర్చీలో కూర్చుంటుంది, తన పనికి కూడా లేవదు. అమ్మకు తోడు అడిగే కొడుకు ఆ తోడు మనిషికీ కలిపి గది తీయాలి, ఇద్దరి భోజనం డబ్బూ తనే కట్టాలి. తీసుకునేవాళ్లు మొహమాటపడినా సరే.

డబ్బెక్కడిది అనే ప్రశ్న న్యాయమైనదే. అప్పు చేసి టికెట్టు కొన్న ఇళ్లు నాకు తెలుసు. అలాంటివాళ్లకు నేను చెప్పేది, తక్కువ ఎదురుచూపు ఉన్న టికెట్టు ధరనూ, ఎక్కువ ఎదురుచూపు ఉన్న టికెట్టుకు గది అద్దె కలిపిన ధరనూ పక్కపక్కన పెట్టి చూసుకోమని. చాలాసార్లు తేడా అనుకున్నంత ఉండదు. రెండూ అందకపోతే ప్రయాణాన్ని ఒక నెల వెనక్కి జరపండి. డబ్బున్న ఇళ్ల సంగతి వేరు. పెట్టె బరువు మించిందని రుసుము కట్టి బట్టలూ పిండివంటలూ మోయిస్తారు, అమ్మ నిద్రకు మాత్రం లెక్క చూస్తారు. వాళ్లతో నాకు నిజంగానే తగువు ఉంది.

ఈ భారమంతా ఇళ్ల మీదే వేయడం కూడా సరికాదు. పూర్వం పూరీ జగన్నాథుడి దర్శనానికి మా ప్రాంతం మీదుగా నడిచి వెళ్లేవాళ్లకు దారిలో సత్రాలుండేవి. రైల్వే స్టేషన్లలో టికెట్టు ఉన్నవాళ్లకు తక్కువ అద్దెకు విశ్రాంతి గదులు, డార్మిటరీ మంచాలు ఉన్నాయి. విమానాశ్రయం వచ్చేసరికి పెద్ద హోటలో, ఇనుప కుర్చీయో తప్ప మధ్య దారి కనిపించదు. భోగాపురంలో అల్లూరి సీతారామరాజు పేరుతో తలపెట్టిన అంతర్జాతీయ విమానాశ్రయానికి 2023 మే 3న శంకుస్థాపన జరిగింది. రెండు వేలకు పైగా ఎకరాలు, 3.8 కిలోమీటర్ల రన్‌వే. దానికోసం మరడపాలెం లాంటి ఊళ్లు ఖాళీ అయ్యాయి. మాకు కారు ప్రయాణం దాదాపు సగానికి తగ్గుతుంది, సంతోషం. కానీ ఇచ్ఛాపురం నుంచో, సాలూరు నుంచో తెల్లవారుజాము విమానానికి వచ్చే ముసలివాళ్లు ముందు రాత్రి ఎక్కడ నడుం వాలుస్తారు?

ఈ ప్రశ్న అడగడానికి మనకన్నా తగినవాళ్లు లేరు. 2014 నుంచి 2018 దాకా పౌర విమానయాన శాఖ అప్పటి విజయనగరం ఎంపీ అశోక్ గజపతిరాజు గారి చేతిలో ఉంది. 2024 జూన్‌లో అదే శాఖ మా శ్రీకాకుళం ఎంపీ రామ్మోహన్ నాయుడు గారికి వచ్చింది. విమానాశ్రయాల్లో తిండి ధరలు మండిపోతున్నాయని జనం మొత్తుకుంటే, 2024 డిసెంబరులో కోల్‌కతాలో ఉడాన్ యాత్రీ కేఫ్ పెట్టి 10 రూపాయలకు టీ ఇచ్చారు. టీకి దారి దొరికినప్పుడు మంచానికీ దొరుకుతుంది. నేను అడిగేది ఇంతే. భోగాపురం టెర్మినల్‌కు ఆనుకుని, మెట్లు ఎక్కక్కర్లేని చోట, గంటల లెక్కన అద్దెకిచ్చే రెండు మంచాల గదులు. లోపలి నుంచి పడే గడియ, స్నానాల గదిలో పట్టుకోవడానికి కమ్మీ, చెయ్యి కడుక్కుని కూర్చుని అన్నం తినే చోటు. టికెట్టు చూపిస్తే గది ఇవ్వాలి, అద్దె ఎంతో తెలుగులో గోడ మీద రాసి ఉండాలి. ఈ మాటలే కాగితం మీద పెట్టి ఎంపీ కార్యాలయానికి పంపుతున్నాను. ఇది చదివిన శ్రీకాకుళం, విజయనగరం వాళ్లు కూడా తలా ఒకటి రాయండి.